ఇగ్నో ఎమ్మెస్సీ డైటెటిక్స్: గడువులోపు డిగ్రీ చేతికి రావాలంటే

ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం (ఇగ్నో)లో ఎమ్మెస్సీ డైటెటిక్స్ అండ్ ఫుడ్ సర్వీస్ మేనేజ్‌మెంట్‌లో చేరి, మధ్యలో ఎక్కడో ఆగిపోయినవాళ్లు తెలుగు రాష్ట్రాల్లో చాలామందే ఉన్నారు. ఉద్యోగం, పెళ్లి, పిల్లలు, ఊరు మారడం, ఏదో ఒక కారణం. వాళ్లు ఇప్పుడు ఫైలు బయటికి తీసి దుమ్ము దులపాలి. నేషనల్ కమిషన్ ఫర్ అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం, 2021 పరిధిలోకి వచ్చే కోర్సులను 2025 జులై-ఆగస్టు సెషన్ నుంచి దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో నడపకూడదని విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) నిర్ణయించింది. సైకాలజీ, మైక్రోబయాలజీ, ఫుడ్ అండ్ న్యూట్రిషన్ సైన్స్, క్లినికల్ న్యూట్రిషన్ అండ్ డైటెటిక్స్ ఆ నిర్ణయంలో ఉన్నాయి. అంతకుముందు చేరినవాళ్ల డిగ్రీకి దీనివల్ల ముప్పు లేదు. కానీ ‘గడువు దాటితే మళ్లీ కొత్తగా చేరొచ్చులే’ అన్న ధీమాకు మాత్రం ఇక చోటు లేదు. ఉన్న అడ్మిషన్‌నే కాపాడుకోవాలి.

ఈ కోర్సులో థియరీ పేపర్ల వల్ల ఆగిపోయేవాళ్లు తక్కువ. మన చేతిలో లేని పనుల దగ్గరే బండి ఆగుతుంది. ల్యాబ్ బ్యాచ్ ఎప్పుడు పెడతారో స్టడీ సెంటర్ చేతిలో ఉంటుంది, సంతకం గైడ్ చేతిలో, అనుమతి ఆసుపత్రి చేతిలో, అసైన్‌మెంట్ మార్కుల ఎంట్రీ ఇంకెవరి చేతిలోనో. అందుకని ప్లాన్ వేసేటప్పుడు ఈ నాలుగింటినీ ముందు పెట్టి, చదువును వాటి చుట్టూ సర్దుకోవాలి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు.

ముందు మీ చివరి తేదీ తేల్చుకోండి

మీరు చేరిన సంవత్సరం ప్రాస్పెక్టస్ గానీ ప్రోగ్రామ్ గైడ్ గానీ తీయండి. ఇప్పుడు వెబ్‌సైట్‌లో ఉన్నది కాదు, మీరు చేరినప్పటిదే కావాలి. కనీస కాలం 2 సంవత్సరాలు అన్న మాట పక్కనే గరిష్ఠ కాలం ఎంతో ఉంటుంది. అది 4 సంవత్సరాలని ఉంటే, 2024 జులై సెషన్‌లో చేరినవాళ్లకు 2028 జూన్ పరీక్షలే ఆఖరివి. 2025 జనవరి సెషన్ వాళ్లకు 2028 డిసెంబరు. మీ ఎన్‌రోల్‌మెంట్ ఏ సెషన్‌దో అడ్మిషన్ కాగితాల్లో చూసుకోండి.

ఆఖరి పరీక్ష తేలింది కదా, ఇప్పుడు దాన్ని మీ లెక్కలోంచి తీసేయండి. దానికి ముందు వచ్చే పరీక్షల్నే ఆఖరివి అనుకోండి. తీసి పక్కన పెట్టిన ఆ ఒక్క అవకాశం తప్పిన పేపరుకో, మార్కులు ఎక్కని అసైన్‌మెంటుకో, జ్వరం వచ్చి రాయలేని రోజుకో పనికొస్తుంది. గడువు దాటాక రీ-అడ్మిషన్ అనే దారి ఉంది. మిగిలిన కోర్సులకు (ఇగ్నోలో ఒక్కో సబ్జెక్టునూ కోర్సు అంటారు) విడివిడిగా, దామాషా ప్రకారం ఫీజు కట్టి మరికొంత కాలం తీసుకోవడం అది. అయితే ఈ ఎమ్మెస్సీకి కొత్త బ్యాచ్‌లే లేనప్పుడు ల్యాబ్ తరగతులు ఏ సెంటర్‌లో ఎన్నాళ్లు నడుస్తాయో ముందే లెక్కవేసుకోలేం. ఆ దారి మీద ఆధారపడకపోవడమే మంచిది.

ఒక పెద్ద కాగితం, ప్రతి కోర్సుకూ ఒక వరస

మీ గ్రేడ్ కార్డు స్టేటస్ పేజీ ప్రింట్ తీసుకోండి. పక్కన ప్రోగ్రామ్ గైడ్‌లోని కోర్సుల పట్టిక పెట్టుకోండి. రెండూ చూస్తూ ఒక పెద్ద కాగితం మీద ప్రతి కోర్సుకూ ఒక వరస గీయండి. కోడ్ ఎంఎఫ్ఎన్‌తో మొదలైతే థియరీ: అప్లైడ్ ఫిజియాలజీ, న్యూట్రిషనల్ బయోకెమిస్ట్రీ, ఫుడ్ మైక్రోబయాలజీ అండ్ సేఫ్టీ, క్లినికల్ అండ్ థెరప్యూటిక్ న్యూట్రిషన్, పబ్లిక్ న్యూట్రిషన్ లాంటివి. ఎంఎఫ్ఎన్ఎల్ అని ఉంటే ప్రాక్టికల్. థియరీ వరసలో రెండు గడులు ఉండాలి: అసైన్‌మెంట్, టర్మ్ ఎండ్ పరీక్ష. ప్రాక్టికల్ వరసలో హాజరు, రికార్డు, ప్రాక్టికల్ పరీక్ష అని మూడు. ప్రతి గడిలో మార్కు వేయండి, లేకపోతే ఖాళీగా వదిలేయండి. ‘రాశాను, ఇచ్చాను, ఇంకా ఎక్కలేదు’ అన్నదానికి ఎర్ర చుక్క పెట్టండి. ఖాళీల కంటే ఎర్ర చుక్కలే ఎక్కువ ప్రమాదం. పని అయిపోయిందనుకుని మనం వాటిని మర్చిపోతాం.

ఉత్తీర్ణత లెక్క దగ్గర ఎక్కువమంది పొరపడతారు. థియరీలో అసైన్‌మెంట్‌కు 30 శాతం, టర్మ్ ఎండ్ పరీక్షకు 70 శాతం వెయిటేజీ. రెండింట్లోనూ విడివిడిగా 40 రావాలి. అసైన్‌మెంట్‌లో 72, పరీక్షలో 45 వచ్చాయనుకోండి: 72లో 30 శాతం 21.6, 45లో 70 శాతం 31.5, కలిపితే 53.1. పాస్. ఇంకొకరికి అసైన్‌మెంట్‌లో 90, పరీక్షలో 38 వచ్చాయి: 27, 26.6 కలిపితే 53.6. మొదటివాళ్ల కంటే ఎక్కువే, అయినా ఫెయిల్. పరీక్షలో 40 దాటలేదు కాబట్టి. మంచి అసైన్‌మెంట్ శాతాన్ని పెంచుతుందే గానీ పరీక్షను గట్టెక్కించదు. అలాగే ఒకవైపు పాసైన మార్కు గరిష్ఠ కాలం పూర్తయ్యేదాకా నిలిచి ఉంటుంది. పరీక్ష పాసై అసైన్‌మెంట్ మిగిలితే అసైన్‌మెంట్ ఒక్కటే ఇస్తే చాలు, పరీక్ష మళ్లీ రాయనక్కర్లేదు.

రెండో సంవత్సరం రీ-రిజిస్ట్రేషన్ చేయనివాళ్లూ ఉంటారు. మొదటి సంవత్సరం పేపర్లన్నీ పాసయ్యాకే రెండో ఏడాది ఫీజు కట్టాలన్న భ్రమ దీనికి కారణం. అలాంటి నియమం లేదు. ఒక్క పేపరూ రాయకపోయినా, తేదీ రాగానే రీ-రిజిస్ట్రేషన్ చేసుకోవచ్చు, చేసుకోవాలి కూడా. అది చేయకపోతే రెండో సంవత్సరం కోర్సులకు అసైన్‌మెంట్ ఇవ్వడానికీ, పరీక్ష ఫారం నింపడానికీ వీలుండదు. ఒక ఏడాది ఊరికే పోతుంది.

అసైన్‌మెంట్లు: రాయడం సులువు, మార్కు ఎక్కించుకోవడమే పని

జూన్ పరీక్షలు రాసేవాళ్లు మార్చి 31లోపు, డిసెంబరు పరీక్షలు రాసేవాళ్లు సెప్టెంబరు 30లోపు ఇవ్వడం ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. తరచూ పొడిగిస్తారు. పొడిగిస్తారని కూర్చోవద్దు.

ప్రశ్నపత్రం మీద ఏ సెషన్‌దో అచ్చు వేసి ఉంటుంది. పాత సెషన్ ప్రశ్నలకు జవాబులు రాసిస్తే చెల్లవు. మొన్నటి ఏడాది డౌన్‌లోడ్ చేసి ఫోన్‌లో ఉంచుకున్న ప్రశ్నపత్రానికి రాసి మోసపోయేవాళ్లు ప్రతి సెషన్‌లోనూ ఉంటారు. రాయడం మొదలుపెట్టే రోజునే కొత్తది దించుకోండి. చేత్తో రాయాలి, టైపు చేసినవి తీసుకోరు. ప్రతి కోర్సుకూ విడిగా కుట్టి, పై పేజీలో ఎన్‌రోల్‌మెంట్ నంబరు, పేరు, చిరునామా, కోర్సు కోడ్, అసైన్‌మెంట్ కోడ్, స్టడీ సెంటర్ కోడ్, తేదీ, సంతకం ఉండేలా చూడండి. కోర్సు కోడ్ తప్పుగా వేస్తే మార్కు వేరే గడిలోకి పోతుంది, దాన్ని వెనక్కి తేవడం నెలల పని.

ఇచ్చే ముందు ప్రతి పేజీనీ ఫోన్‌లో స్కాన్ చేసి, ఒక్కో కోర్సుకూ ఒక్కో పీడీఎఫ్ చేసి పెట్టుకోండి. సెంటర్‌లో ఇస్తే రసీదు మీద ముద్ర, తేదీ, కోర్సు కోడ్‌లు అడగండి. ‘5 అసైన్‌మెంట్లు అందినవి’ అని మాత్రమే రాసి ఉన్న రసీదు రేపు ఏ అయిదో చెప్పలేదు. ఆన్‌లైన్‌లో పంపమంటే, పంపిన మెయిలునూ వచ్చిన జవాబునూ దాచుకోండి.

పరీక్షా ఫలితాలు వచ్చాక నెలన్నర లోపు గ్రేడ్ కార్డు చూడండి. అసైన్‌మెంట్ గడి ఇంకా ఖాళీగా ఉంటే మొదట స్టడీ సెంటర్ కోఆర్డినేటర్‌ను అడగాలి: అవార్డు జాబితాను (అసైన్‌మెంట్ మార్కుల జాబితాను) రీజనల్ సెంటర్‌కు పంపారా, ఏ తేదీన పంపారు? పంపామంటే ఆ తేదీ రాసుకుని రీజనల్ సెంటర్‌కు వెళ్లండి. మన దగ్గర హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నంలో ఉన్నాయి. రసీదు కాపీ, దిద్దిన అసైన్‌మెంట్ వెనక్కి వచ్చి ఉంటే దాని కాపీ, గ్రేడ్ కార్డు ప్రింట్, మూడూ కలిపి ఒక పేజీ అర్జీతో ఇవ్వండి. అప్పటికీ కదలకపోతే ఇగ్నో ఫిర్యాదుల పోర్టల్ ఐగ్రామ్‌లో నమోదు చేసి టికెట్ నంబరు ఉంచుకోండి. ఈ వరస తప్పి నేరుగా ఢిల్లీకి రాస్తే, ఆ ఉత్తరం మళ్లీ రీజనల్ సెంటర్‌కే వస్తుంది.

ప్రాక్టికల్స్: హాజరు, రికార్డు

ఇంట్లో కూర్చుని పూర్తి చేయలేని భాగం ఇదే. మొత్తం టైమ్‌టేబుల్‌ను దీన్ని బట్టే అల్లుకోవాలి. ల్యాబ్ షెడ్యూల్ ఒకసారి తప్పితే తర్వాతి బ్యాచ్ దాకా ఆగాలి. ఆ బ్యాచ్ ఎంతమంది ఉంటే పెడతారన్నది సెంటర్‌ను బట్టి ఉంటుంది. ఇక ముందు విద్యార్థుల సంఖ్య తగ్గుతుందే గానీ పెరగదు. అందుకే ల్యాబ్ కోర్సులు మిగిలి ఉన్నవాళ్లు ఈ వారమే కోఆర్డినేటర్‌కు ఒక మెయిల్ పెట్టండి: మీ ఎన్‌రోల్‌మెంట్ నంబరు, మిగిలిన ప్రాక్టికల్ కోడ్‌లు, తర్వాతి బ్యాచ్ ఎప్పుడన్న ప్రశ్న. ఫోన్‌లో అడిగినది ఎవరికీ గుర్తుండదు. అదే సెంటర్‌లో మిగిలినవాళ్లను వెతికి అయిదారుగురు కలిసి అడిగితే బ్యాచ్ పెట్టడం వాళ్లకూ సులువవుతుంది. మీ సెంటర్‌లో కుదరకపోతే సెంటర్ మార్పు కోసం రీజనల్ సెంటర్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆఫీసులో సెలవు మాత్రం షెడ్యూల్ వచ్చాకే పెట్టండి.

రికార్డులో మార్కులు ఎక్కువగా పోయేది డైట్ ప్లానింగ్ లెక్కల దగ్గర. ఇక్కడ రెండు తప్పులు పదే పదే కనిపిస్తాయి. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ తెచ్చిన ఇండియన్ ఫుడ్ కంపోజిషన్ టేబుల్స్ 2017లో 528 ఆహార పదార్థాల విలువలు ఉన్నాయి. అందులో శక్తిని కిలోజౌల్స్‌లో ఇచ్చారు. పాలిష్ పట్టిన పచ్చి బియ్యం 100 గ్రాములకు 1491 అని ఉంటుంది. దాన్ని 4.184తో భాగిస్తే 356 కిలోకాలరీలు వస్తాయి. భాగించకుండా అలాగే వేసేస్తే 1,600 కిలోకాలరీల డయాబెటిక్ డైట్ ఒక్క పూట అన్నంతోనే నిండిపోతుంది. రెండో తప్పు ఇంకా మామూలుగా జరుగుతుంది, ఎదుట ఉన్నా కంటికి ఆనదు: ఆ విలువలు పచ్చి బియ్యానివి, మనం పళ్లెంలో కొలిచేది అన్నం. 150 గ్రాముల అన్నాన్ని 150 గ్రాముల బియ్యంగా లెక్కిస్తే 534 కిలోకాలరీలు వస్తాయి. నిజానికి ఆ అన్నం వెనక ఉన్న బియ్యం 50-55 గ్రాములే, అంటే సుమారు 190 కిలోకాలరీలు. మూడింతల తేడా! రేపు ఆసుపత్రిలో ఒక రోగికి ఇదే లెక్కతో చార్టు రాసిస్తే ఏమవుతుందో ఊహించండి. రికార్డులో ప్రతి వంటకానికీ పచ్చి బరువు, వండిన బరువు అని రెండు నిలువు వరసలు పెట్టి, లెక్కంతా పచ్చి బరువు మీదే చేయండి. నూనె, తాలింపు, చట్నీలోని పల్లీలు విడిగా రాయండి. అవి వదిలేసినందుకే కొవ్వు లెక్క తక్కువ వస్తుంది.

రికార్డు మీద కౌన్సెలర్ (ల్యాబ్ తరగతులు నడిపే అధ్యాపకులు) సంతకం ఏ రోజుది ఆ రోజే తీసుకోండి. చివర్లో అన్నీ కలిపి తీసుకుందామనుకుంటే, ఈలోపు ఆ కౌన్సెలర్ మారిపోవచ్చు.

డిసర్టేషన్: కాగితాలు ముందు, డేటా తర్వాత

రెండో సంవత్సరంలో డిసర్టేషన్, ఇంటర్న్‌షిప్‌లలో మీరు ఎంచుకున్నదాని నియమాలన్నీ దాని హ్యాండ్‌బుక్‌లో ఉంటాయి. ఆసుపత్రిలో పనిచేయాలనుకునేవాళ్లకు, ఇప్పటికే ఒక పెద్ద ఆసుపత్రి డైటెటిక్స్ విభాగంలో చోటు దొరికేవాళ్లకు ఇంటర్న్‌షిప్పే మేలు. చోటు దొరకని ఊళ్లో ఉన్నవాళ్లు, పబ్లిక్ న్యూట్రిషన్ వైపు వెళ్లాలనుకునేవాళ్లు డిసర్టేషన్ చేయడం మంచిది. సులువని చెప్పి ఏదో ఒకటి ఎంచుకోవద్దు.

డిసర్టేషన్‌లో వరస ముఖ్యం. గైడ్ ఒప్పుకోవాలి, గైడ్ అర్హతలు నిబంధనకు సరిపోవాలి, వాళ్ల బయోడేటా సంతకంతో రావాలి. తర్వాత సినాప్సిస్ (ఏం చేయబోతున్నారో చెప్పే చిన్న ప్రణాళిక) పంపి ఆమోదం తెచ్చుకోవాలి. మనుషుల మీద అధ్యయనం కాబట్టి నైతిక కమిటీ అనుమతి కావాలి. దీనికి భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017లో తెచ్చిన జాతీయ మార్గదర్శకాలు ఉన్నాయి. ఇవన్నీ అయ్యాకే డేటా. ముందే డేటా తీసేసి తర్వాత అనుమతి తెచ్చుకుందామనుకునేవాళ్లు చాలా కష్టపడతారు. నైతిక కమిటీలు గడిచినదానికి అనుమతి ఇవ్వవు, మొత్తం మళ్లీ తీయాల్సి వస్తుంది. సమ్మతి పత్రం తెలుగులో ఉండాలి. చదవడం రానివాళ్లకు చదివి వినిపించి, సాక్షి సంతకంతో వేలిముద్ర తీసుకోవాలి.

అంశం చిన్నదిగా ఉంటే పూర్తవుతుంది. ‘తెలంగాణలో కిశోర బాలికల పోషణ స్థితి’ అని పెట్టుకుంటే ఎక్కడ మొదలుపెట్టాలో కూడా తెలియదు. ఒక మండలంలోని రెండు ప్రభుత్వ ఉన్నత పాఠశాలలు, 13-15 ఏళ్ల బాలికలు, వారానికి ఎన్నిసార్లు ఆకుకూర తింటున్నారు, ఎత్తు, బరువు, 24 గంటల ఆహార జ్ఞాపకం, అంటే గడిచిన 24 గంటల్లో ఏమేం తిన్నారో అడిగి రాసుకోవడం, మూడు వేర్వేరు రోజులకు (అందులో ఒకటి సెలవు రోజు), ఇంత చాలు. మధ్యాహ్న భోజనం ఉన్న రోజూ లేని రోజూ వేరుగా వస్తాయి కాబట్టి సెలవు రోజు తప్పనిసరి. బడి అనుమతికి ప్రధానోపాధ్యాయులు ఒక్కరే సరిపోరు, విద్యాశాఖ అధికారి ఉత్తరం అడుగుతారు. వేసవి సెలవులు, సంక్రాంతి, దసరా తీసేసి రోజులు లెక్కపెట్టండి.

నెలలు ఇలా వేసుకోవచ్చు: గైడ్, సినాప్సిస్‌కు 2 నెలలు, ఆమోదం, నైతిక కమిటీకి 3 నెలలు, డేటాకు 2, విశ్లేషణకు 1, రాయడానికి 2, గైడ్ దిద్దడానికి 1. మొత్తం 11 నెలలు. ఎంత వేగంగా చేసినా దీన్ని 8 కంటే తగ్గించుకునే ప్లాన్ వేయకండి. తగ్గేది మీ పనే, ఎదుటివాళ్ల పని తగ్గదు.

కాపీ విషయంలో యూజీసీ 2018 నిబంధనల ప్రకారం ఇతరుల రాతలతో 10 శాతం వరకు పోలికకు శిక్ష లేదు. 10 దాటి 40 వరకు ఉంటే సరిచేసి మళ్లీ ఇవ్వాలి, దానికి ఆరు నెలలకు మించని గడువు ఇస్తారు. 40 దాటి 60 వరకు ఉంటే ఒక ఏడాదిపాటు మళ్లీ సమర్పించనివ్వరు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. పోలిక ఎక్కువగా పట్టుబడేది సాహిత్య సమీక్ష అధ్యాయంలోనే. ఒక్కో పేపరు చదివాక అది మూసేసి, గుర్తున్నది సొంత మాటల్లో రాస్తే ఈ సమస్య సగం తీరుతుంది. చివర్లో సాఫ్ట్‌వేర్‌తో మాటలు మార్చేస్తే శాతం తగ్గొచ్చు గానీ వాక్యం అర్థం కోల్పోతుంది. వైవాలో అడిగితే చెప్పలేరు.

ఇంటర్న్‌షిప్ ఎంచుకున్నవాళ్లు లాగ్‌బుక్ రోజూ రాయాలి. సర్టిఫికెట్ ఆసుపత్రి లెటర్‌హెడ్ మీద, మొదలు-ముగింపు తేదీలతో, పర్యవేక్షించిన డైటీషియన్ పేరు, అర్హత, సంతకంతో ఉండాలి. మానవ వనరుల విభాగం ఇచ్చే ఒక్క వాక్యం ‘అనుభవ పత్రం’ చాలదు. ఇండియన్ డైటెటిక్ అసోసియేషన్ రిజిస్టర్డ్ డైటీషియన్ పరీక్ష రాయాలనుకుంటే వాళ్లు అడిగేది ఆసుపత్రిలో 6 నెలలు. కోర్సు కోసం చేసే కాలం దానికి సరిపోతుందో లేదో, దూరవిద్య డిగ్రీ విషయంలో వాళ్ల తాజా నియమం ఏమిటో అసోసియేషన్ నుంచి రాతపూర్వకంగా తెలుసుకుని, ఆ తర్వాతే ఇంటర్న్‌షిప్ మొదలుపెట్టండి.

ఫలితాల తర్వాత

మార్కులు అన్యాయంగా ఉన్నాయనిపిస్తే ఫలితం వచ్చిన నెల లోపు పునర్మూల్యాంకనానికి పెట్టాలి. పాత మార్కు, కొత్త మార్కు రెండింట్లో ఎక్కువ వచ్చినదే ఉంచుతారు. ఇది టర్మ్ ఎండ్ థియరీకి మాత్రమే.

58 శాతం దాటి 60 అందక ఆగిపోయినవాళ్లకు ఇంప్రూవ్‌మెంట్ ఉంది. ఫస్ట్ డివిజన్‌కు 2 శాతం లోపు తక్కువైతేనే అవకాశం. గరిష్ఠంగా నాలుగో వంతు క్రెడిట్ల థియరీ పరీక్షలు మళ్లీ రాయొచ్చు. ప్రాక్టికల్, ప్రాజెక్టు, అసైన్‌మెంట్ మార్కులు మారవు. తుది గ్రేడ్ కార్డు వచ్చిన ఆరు నెలల లోపే దరఖాస్తు చేయాలి. ఉద్యోగ ప్రకటనల్లో 60 శాతం అడిగేవి ఉంటాయి కాబట్టి, 59.2 వచ్చినవాళ్లు నిరాశ పడకుండా ఈ అవకాశం వాడుకోవాలి.

అన్నీ పూర్తయ్యాక తుది గ్రేడ్ కార్డు, ప్రొవిజనల్ సర్టిఫికెట్ వస్తాయి. అసలు డిగ్రీ స్నాతకోత్సవం తర్వాతే. దానికి ఆన్‌లైన్‌లో విడిగా నమోదు చేసి ఫీజు కట్టాలి, తానంతట అది ఇంటికి రాదు. మైగ్రేషన్ సర్టిఫికెట్ కావాలంటే రీజనల్ సెంటర్‌లో అడగాలి. అమెరికా వెళ్లే ఆలోచన ఉన్నవాళ్లకు ఒక మాట: అక్కడ రిజిస్టర్డ్ డైటీషియన్ పరీక్షకు 2024 జనవరి 1 నుంచి మాస్టర్స్ తప్పనిసరి అయింది. కానీ మన మాస్టర్స్ ఒక్కటే చాలదు. అక్కడి అక్రెడిటేషన్ కౌన్సిల్ గుర్తించిన ప్రోగ్రామ్, పర్యవేక్షణలో శిక్షణ కూడా కావాలి. ట్రాన్‌స్క్రిప్ట్ సీల్డ్ కవర్‌లో తెప్పించుకునే పని ఇక్కడ ఉన్నప్పుడే చేసుకోండి.

ఇక మన వాళ్లకు ప్రత్యేకంగా వచ్చే తలనొప్పి పేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ముందు ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరంగా కుదించి వెనక ఉంటుంది, పెళ్లయ్యాక పాస్‌పోర్టులో భర్త ఇంటిపేరు చేరుతుంది. ఇగ్నో రికార్డులో ఉన్నది పదో తరగతి మెమోతో అక్షరం పొల్లు పోకుండా కలుస్తుందో లేదో డిగ్రీ అచ్చయ్యే ముందే చూడండి. స్పెల్లింగ్ తప్పుంటే గ్రేడ్ కార్డు దశలోనే దిద్దించుకోవడం సులువు. డిగ్రీ వచ్చాక అయితే అఫిడవిట్, పాత పత్రం వాపసు, మళ్లీ ఫీజు. డిజీలాకర్‌లో డిగ్రీ కనబడాలన్నా పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో కలవాలి. తేడా ఉంటే ముందు ఆధార్‌ను పదో తరగతి మెమోకు సరిపోయేలా మార్పించుకోండి, మెమోను ఆధార్‌కు సరిపోయేలా మార్చాలని చూడకండి.